కడలిలోని యగ్నిపర్వతము

సముద్రమున బడబాగ్ని కలదని మన పురాణములు చెప్పుచున్నవి. నీరు నిప్పు నార్పునది కదా, ఆ రెండును నొక్కచోట నెట్లుండునని సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. పసిఫిక్ మహాసముద్రమునందలి టోంగా రాజ్యమున నున్న హుంగా పర్వతము కథ వినిన నా సందేహము తీరును. మేమచ్చటికి పోయినవారము కాము. ఉపగ్రహములు తీసిన చిత్రములను, శాస్త్రజ్ఞుల వ్రాతలను చూచి వ్రాయుచున్నాము.

టోంగా ముఖ్యపట్టణమగు నుకుఅలోఫాకు ఉత్తరముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున హుంగా టోంగా, హుంగా హాపాయి యను రెండు సన్నని దీవులుండెడివి. చూపున కవి రాతిదిబ్బలు. నిజమున కవి సముద్రపు టడుగునుండి సుమారు 2000 మీటర్లు లేచిన కొండయొక్క శిఖరపుటంచులు. నీటిపై గనుపించినది 150 మీటర్లకు మించదు. ఆ యంచుల నడుమ, నీటిలోపల, సుమారు 4 కిలోమీటర్ల వెడల్పుగల గిన్నెవంటి బిలము కలదు.

ఆ కొండకు నిప్పెక్కడిది? భూమి పైపెంకు పెద్ద పలకలుగా నున్నది. అచ్చట పసిఫిక్ పలక పడమటి పలక క్రిందికి దిగుచున్నది. అది తనతో గొనిపోయిన నీరు లోతున వెలువడగా, పైనున్న వేడిరాయి సులభముగా గరగి శిలాద్రవమై పైకి లేచును. ఆ నిప్పును పుట్టించుటలో నీటికే ముఖ్యభాగము!

2014 డిసెంబరులో మొదలైన యుద్గారము 2015 జనవరి నాటికి బూడిదతో గొత్తనేలను బోసి యా దీవులను గలిపెను. కెరటములు దానిని కొలది నెలలలో గరగించునని శాస్త్రజ్ఞులు తలంచిరి. కాని యది యేడేండ్లు నిలిచెను. మొక్కలు మొలచెను; పక్షులు గూళ్లు పెట్టెను.

కాగిన నూనెలో నీటిచుక్క పడిన నేమగునో మన మెరుగుదుము. 2022 జనవరి 15న శిలాద్రవమును సముద్రమే తాకెను. మిక్కిలి లోతున నీటి బరువు ఆవిరిని విరియనీయదు. అచ్చట లోతు తక్కువ. కనుక బూడిదమేఘము 57 కిలోమీటర్ల యెత్తున కెగసెను. 14 కోట్ల టన్నులకు పైగా నీటియావిరి యాకాశపు పైపొరను జేరెను. 150 మీటర్ల లోతుననున్న బిలపుటడుగు 850 మీటర్లకు దిగబడెను. కొత్తనేల మాయమయ్యెను, పాతదీవులును స్వల్పశేషములయ్యెను.

మాంగో యను చిన్నదీవిలో నిండ్లన్నియు కెరటముల పాలయ్యెను. అచ్చటి కుటుంబములు పుట్టినచోటు విడిచి వేరొకదీవిలో కాపురములు పెట్టవలసివచ్చెను. పదివేల కిలోమీటర్లకు పైగా దూరమున, పెరూ తీరమున, ఇద్దరు స్త్రీలు నీట మునిగి చనిపోయిరి. టోంగాలో మాత్రము జనులు మొదటి సూచనలకే పిల్లలతో మెరకలకు బరుగిడుటచే ననేకులు బ్రదికిరి.

నీటిపై గనుపించు రాతిని జూచి కొండ కొలత తెలియరాదు. కడలియొడ్డున కాపురమున్న తల్లులు ఈ సంగతి నెరిగి, సముద్రము తీరుమారినప్పుడు మెరకకు బోవలెనని బిడ్డలకు నేర్పుట మేలు.