ఇటలీ ప్రయాణానికి మా సన్నాహము

ఇటలీ దేశము చూడవలెనని మా ఇంట్లో ఎన్నో ఏండ్లుగా అనుకొంటున్నాము. షోలాపూరులో చరిత్ర ఉపాధ్యాయులుగా ఉండిన మా నాన్నగారు రోము సామ్రాజ్యాన్ని గూర్చి ఎన్నో తరగతులకు పాఠము చెప్పారు గాని, తాము మాత్రము ఎన్నడూ సముద్రము దాటలేదు. ఇప్పుడు వారికి 78 ఏండ్లు. మోకాళ్ళ నొప్పులు. 'వచ్చే ఏడు చూద్దాము' అనుటకు ఇక వీలులేదని తోచి, ఈ సంక్రాంతి వెళ్ళగానే అందరము ప్రయాణపు ఆలోచనకు కూర్చున్నాము.

ముందుగా ఒక యాత్రా కంపెనీవారి పట్టిక తెప్పించాము. తొమ్మిది రోజులలో ఏడు ఊళ్ళు! మిలాన్, వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, రోము, నేపుల్స్, పాంపే. లెక్క వేసి చూస్తే పగటి కాలములో సగము బస్సులోనే గడుస్తుంది. నాన్నగారు పట్టిక అంతా చదివి, కళ్ళజోడు తీసి, "నేను ఇంటి దగ్గరే ఉంటాను, మీరు వెళ్ళి రండి" అన్నారు. ఆ రాత్రి మాకెవరికీ అన్నము సహించలేదు.

మరునాడు మా అబ్బాయి వారి ప్రక్కన చేరి, "తాతయ్యా, ఒక్కటే చూడనిస్తామంటే ఏది చూస్తావు?" అని అడిగాడు. నాన్నగారు తడుముకోలేదు. "నేపుల్స్ మ్యూజియములోని దంతపు బొమ్మ" అన్నారు.

ఈ బొమ్మ సంగతి పాఠకులకు కొంత చెప్పవలెను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము పగిలి పాంపే నగరము బూడిదలో పూడిపోయినది గదా. 1938లో అక్కడి ఒక ఇంటిలో త్రవ్వుచుండగా సుమారు జానెడు పొడవుగల ఏనుగు దంతపు స్త్రీ విగ్రహము దొరికినది. నగలు, జడ, నిలుచున్న తీరు, అన్నీ మన దేశపువే. మొదట లక్ష్మి అన్నారు. తరువాత యక్షిణి అన్నారు. అటువంటి దంతపు బొమ్మలే మన మహారాష్ట్రలో, శాతవాహనుల నాటి భోకర్దన్‌లోను, ధారాశివ్ జిల్లా తేర్‌లోను దొరికినవి. తేర్ బొమ్మను అక్కడి మ్యూజియములో మాకు చిన్నతనములో చూపినవారు నాన్నగారే. తేర్ అనగా పూర్వపు తగరపురము. అక్కడి నుండి నూలుబట్టలు భరుకచ్ఛపు రేవుకు పోయేవని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథము చెప్పుచున్నది. మగ్గముల ఊరివారమైన మాకు ఆ మాట వింటే ఒడలు పొంగుతుంది. అక్కచెల్లెళ్ళవంటి ఆ రెండు బొమ్మలలో ఒకదానిని చూచిన కళ్ళతో రెండవదానిని కూడ చూడవలెనని వారి కోరిక.

అంతటితో మా చిక్కు విడిపోయినది. ఏడు ఊళ్ళు రెండైనవి: రోములో నాలుగు రాత్రులు, నేపుల్స్‌లో నాలుగు రాత్రులు. రెండింటికి నడుమ వేగపు రైలులో గంటకు కొంచెము ఎక్కువ. మా ఇంటి ఇల్లాలికి వెనిస్ పడవల మీద ఎంతో మోజు. "పడవలు ఎక్కడికీ పోవు, మామయ్యగారి మోకాళ్ళే ఆగవు" అని తానే ఆ పేరు కొట్టివేసినది.

రోములో పాంథియన్‌కు మెట్ల బాధ లేదు. 43 మీటర్ల గుమ్మటము క్రింద కూర్చుండి పైనున్న రంధ్రములోనుంచి ఆకాశము చూడవచ్చు. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియమ్‌కు ఇప్పుడు లిఫ్టు ఉన్నది. ఫోరమ్‌లో రాళ్ళు ఎగుడుదిగుడు గనుక కాపిటోల్ గుట్ట మీద నిలిచి అంతా ఒక్కసారి చూడదలచాము. పాంపేలో ముసలివారికి, చక్రాల కుర్చీలవారికి అనువుగా మూడు కిలోమీటర్లకు పైగా ఒక బాట వేశారు. అక్కడ నీడ తక్కువ. అందుచేత అక్టోబరు నెల ఎంచుకొన్నాము.

మావలె బయలుదేరువారికి నాలుగు మాటలు. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చును. 30,000 యూరోలకు తగ్గని వైద్య భీమా తప్పదు. కొలోసియమ్, పాంపే టిక్కెట్లపై పేరు ఉంటుంది గనుక పాస్‌పోర్టులో ఉన్నట్లే వ్రాయించవలెను. నేపుల్స్ మ్యూజియమునకు మంగళవారము సెలవు. బొమ్మలను ఒక్కొక్కప్పుడు పైదేశపు ప్రదర్శనలకు పంపుతారు, ముందుగా విచారించుకొనవలెను. శాకాహారులు మరినారా పిజ్జా అడిగితే టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివు నూనె తప్ప మరేమీ ఉండదు. రోము వీధి కొళాయిల నీరు నిర్భయముగా త్రాగవచ్చు.

నాన్నగారు ఇప్పుడు రోజూ సాయంత్రము సిద్ధేశ్వరుని చెరువు గట్టున నడుస్తున్నారు. మొదటి వారము ఒక చుట్టుకే ఆయాసపడి కూర్చుండిరి. నిన్న రెండు చుట్లు తిరిగి వచ్చి, "మూడు కిలోమీటర్లంటే ఎన్ని చుట్లురా?" అని అడిగారు. అబ్బాయి కాగితము, పెన్సిలు తెచ్చుకొని లెక్క వేస్తున్నాడు.