యంత్రానికొక వ్యాకరణం

నాంపల్లి రైలుస్టేషను నుండి నడచి వెళ్ళగలిగినంత దూరంలో ఆబిడ్స్ ఉంది. ఆదివారం నాడు అక్కడి కాలిబాటలపై పాత పుస్తకాలు కొలువుతీరుతాయి. వ్యాకరణ గ్రంథాల కోసం వెదకుతున్న నాకు ఒకనాడు వాటి ప్రక్కనే ‘సి’ భాషా గ్రంథం కనిపించింది. కెర్నిహాన్, రిచీలు రచించిన ఆ పుస్తకం తొలిసారి 1978లో వెలువడింది. అదికూడా ఒక వ్యాకరణమే!

కంప్యూటరు చేసే పనులన్నింటికీ ఆధారం ఆపరేటింగ్ సిస్టమ్. పూర్వం దానిని ఎక్కువగా అసెంబ్లీ భాషలో వ్రాసేవారు. యంత్రం మారితే మళ్ళీ వ్రాయవలసి వచ్చేది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో 1973లో యూనిక్స్‌ను తిరిగి వ్రాశారు. దానితో ఆ శ్రమ చాలావరకు తగ్గింది. 1989 నాటి ప్రమాణంలో ఆ భాషకు గల ప్రత్యేక పదాలు 32 మాత్రమే. ఈ క్లుప్తత మన సూత్రకారులు మెచ్చదగినది.

అయితే సి భాష వ్రాసేవానిని అతిగా విశ్వసిస్తుంది. మెమరీలో కేటాయించిన హద్దు దాటినా సాధారణంగా వారించదు. ఆ దోషం దుండగులకు ద్వారం తెరవవచ్చు. 2015లో తొలి స్థిరరూపం పొందిన రస్ట్ భాష ఇటువంటి మెమరీ దోషాలలో అనేకాన్ని ప్రోగ్రాము నడవక మునుపే, హద్దు దాటడాన్ని సాధారణంగా నడిచేటప్పుడు పట్టుకొంటుంది. నియమాలు కఠినమైనవి, నేర్వడానికి ఓర్పు కావాలి.

యతి తప్పితే పద్యమొక్కటే చెడుతుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేరులో హద్దు తప్పితే ఆసుపత్రిలోని రోగికీ, స్టేషనులోని ప్రయాణికునికీ కీడు కలుగవచ్చు. కనుక భాషానిర్మాత ఇచ్చే స్వేచ్ఛకు మూల్యం చెల్లించేవారు ఆ భాష పేరైనా ఎరుగని సామాన్యులు. ఏ నియమమైనా వారిని తలచుకొని చేయవలసినదే.