కొనే ఆట, కొనిపించే ఆట

మాదాపూర్,
ఆదివారం.

వదినా,

నీ ఉత్తరం అందింది. అయ్యప్ప సొసైటీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పుడు మనిద్దరి మధ్య మొదలైన ఈ ‘వదినా’ అన్న పిలుపు, నువ్వు రాజమండ్రి వెళ్ళి ఎనిమిదేళ్ళయినా నా నోటిని వదల్లేదు. నాలుగు పేజీలు ఇంటి కబుర్లు రాసి, చివరి రెండు లైన్లలో అసలు సంగతి అడిగావు. పిల్లాడు ఫోన్‌లో ఏదో ఆట కొనిపెట్టమని వారం రోజులుగా వెంటపడుతున్నాడు, ఊరికే దొరికేవి వేలు ఉండగా డబ్బు పెట్టి కొనడం దండగ కదా, ఆటల పనిలోనే ఉన్నావు గనక నువ్వే చెప్పు అన్నావు.

ముందే చెప్పేస్తున్నాను. వాడు అడిగింది ఒక్కసారి డబ్బు కట్టి తీసుకునే ఆటయితే కొనిపెట్టు. నువ్వు దిగులు పడాల్సింది ఆ ఆట గురించి కాదు, ఇప్పటికే ఫోన్‌లో ఊరికే వచ్చి కూర్చున్న వాటి గురించి.

నా ఉద్యోగం గురించి నీకు ఎప్పుడూ విడమర్చి చెప్పలేదు. ఆటలు పరీక్షించడం నా పని. తప్పులు పట్టడం అందులో సగమే. మిగతా సగం, దుకాణం తెర రావాల్సిన క్షణంలో వస్తోందా లేదా అని చూడటం. ఓడిన బాధ చల్లారకముందే అది రావాలి. ఇంకొక్క ఎత్తు వేస్తే గెలిచేవాళ్ళం అనిపించిన చోటైతే తప్పకుండా రావాలి. ఆ తెరమీద రూపాయలు కనిపించవు. వజ్రాలో నాణేలో ఉంటాయి. కావలసిన వస్తువు వంద వజ్రాలు, అమ్మే మూట ఎనభై. అంటే రెండు మూటలు కొనాలి, మిగిలిన అరవైని వృథా చెయ్యబుద్ధికాక మూడోది కూడా కొంటాం. నువ్వూ ఆడిన కేండీ క్రష్‌లో ఐదు ప్రాణాలుంటాయి, పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఆ అరగంట ఆగలేనితనమే అక్కడ సరుకు.

ఆడేవాళ్ళలో ఎక్కువమంది పైసా కట్టరు. కట్టే ఆ కొద్దిమందిలోనూ బాగా ఎక్కువ కట్టే గుప్పెడుమంది మీదే వ్యాపారం నడుస్తుంది. మా రంగంలో వాళ్ళని తిమింగలాలు అంటారు. మనిషిని ఆ మాటతో పిలవడం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. 2014 నవంబర్‌లో ఆపిల్ తన స్టోర్‌లో ఊరికే దొరికే ఆటల, యాప్‌ల పక్కన ఉన్న ‘ఫ్రీ’ అన్న మాట తీసేసి ‘గెట్’ అని పెట్టింది. ఫ్రీ అన్న మాట నిలబడదని అమ్మేవాళ్ళకే తెలిసిపోయిందన్నమాట.

మీ ఇంట్లో మీ నాయనమ్మ నాటి వామనగుంటల పీట ఇంకా ఉందన్నావు కదా. గింజలు తగ్గితే చింతపండు ఒలిచిననాడు నాలుగు తీసి పెట్టుకుంటారు. పీట చెక్కిన వడ్రంగి ఆట మధ్యలో వచ్చి గింజకింత అని అడగడు. నేను కొనమంటున్నది అలాంటి ఆటలనే.

యాంగ్రీ బర్డ్స్ సంగతి విను. హాస్టల్లో నా ఫోన్ లాక్కుని మరీ ఆడేదానివి. 2009 డిసెంబర్‌లో ఫిన్లాండ్ కంపెనీ రోవియో దాన్ని ఐఫోన్లలో ఒక డాలరు లోపు ధరకే అమ్మింది. తర్వాత్తర్వాత అదే పిట్టలతో ఊరికే ఆడే రకాలు తెచ్చి, పాతదాన్ని 2019లో తీసేసింది. పాతదే కావాలని జనం అడగగా అడగగా, 2022 మార్చిలో కొత్తగా తయారుచేసి మళ్ళీ అమ్మకానికి పెట్టింది. అందులో ప్రకటనలు లేవు, లోపల కొనాల్సిందీ లేదు. ఏడాది తిరక్కుండానే, 2023 ఫిబ్రవరిలో, గూగుల్ ప్లే నుంచి తీసేస్తున్నామని ప్రకటించింది. తమ మిగతా ఆటల మీద దీని ప్రభావం పడుతోందని కారణం కూడా తనే చెప్పుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆఫీసులో పని సాగలేదు. ఒక్కసారి డబ్బు తీసుకుని ఇక మన జోలికి రాని ఆట, తక్కినవాటి వ్యాపారానికి అడ్డమైంది!

నా సొంత లెక్క కూడా నీకు చెప్పాలి. ప్లే స్టోర్‌లో ‘బడ్జెట్ అండ్ హిస్టరీ’ అని ఒక చోటుంది. కిందటేడు అందులోకి వెళ్ళి చూసుకున్నాను. రాత్రిళ్ళు నిద్రపట్టక నేను ఆడిన ఒక ఆట, పేరు రాయను, పద్నాలుగు నెలల్లో నా దగ్గర 6,240 రూపాయలు తీసుకుంది. ఏ ఒక్కసారీ వంద దాటలేదు. 79, 89, మళ్ళీ 79. ఎలా చేస్తారో పగలంతా చూసేదాన్ని నేనే, రాత్రి కట్టిందీ నేనే. నాకే ఇలా అయితే పదేళ్ళ పిల్లాడు తట్టుకుంటాడని ఎలా అనుకోను వదినా? నువ్వు కూడా ఈ రాత్రే ఆ లెక్క తీసి చూడు. ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు.

కొనేముందు నేనేం చూస్తానో చెప్తాను. ఆట పేరు కింద ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అని ఉంటే కిందికి వెళ్ళి వాటి ధరల హద్దులు చూస్తాను. పైధర వేలల్లో ఉంటే అక్కడే ఆగిపోతాను. ఐదు నక్షత్రాల మెచ్చుకోళ్ళు చదవను, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళవి చదువుతాను. ‘కష్టంగా ఉంది’ అంటే పర్వాలేదు. ‘ఇరవయ్యో మెట్టు దాటాక డబ్బు కట్టకపోతే కదలడం లేదు’ అని నలుగురు రాస్తే వదిలేస్తాను. ఇన్‌స్టాల్ చేశాక డేటా ఆపేసి మెట్రోలో ఆడి చూస్తాను. ఒంటరిగా ఆడే ఆట నెట్ లేకపోతే తెరుచుకోనంటే దానికి నాతో వేరే పని ఉన్నట్టే. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఈ ఆటకు ముగింపు ఉందా అన్నది. 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ పది అధ్యాయాలు. రెండు గంటల్లో అయిపోతుంది. చిన్నదని తిట్టినవాళ్ళున్నారు. నాకు ఆ రెండు గంటలే ఇప్పటికీ గుర్తున్నాయి.

అట్లాగని డబ్బు తీసుకోనిదంతా మోసమని కాదు. చదరంగం ఆడే లీచెస్ ఉంది. ప్రకటనల్లేవు, కొనాల్సిందేమీ లేదు, విరాళాల మీద నడుస్తుంది. పిల్లాడికి ముందు అది పెట్టు. మన హంపి, హారిక ఆడే ఆటే అని చెప్పు. ఇక డబ్బు పందెం వేయించే రమ్మీ లాంటివి కొనడం, కొనకపోవడం అన్న లెక్కలోకే రావు. తెలంగాణ వాటిని 2017లో నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

ఇంకోటుంది, దానికోసమే ఇంత రాశాను. ఈ ఊళ్ళో ఆటలు తయారుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. హైదరాబాద్ కంపెనీ తయారుచేసిన క్రికెట్ ఆట హిట్‌వికెట్ సూపర్‌స్టార్స్ 2020లో కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో ఆటల విభాగంలో మొదటి బహుమతి గెలిచింది. నాతో పనిచేసే కుర్రాళ్ళలో ఒకడు మన పులి-మేక ఆటను ఫోన్‌కు తెచ్చాడు. ఆదివారాలన్నీ కూర్చుని చేశాడు. బొమ్మలు ఎంత అందంగా గీశాడనుకున్నావు! ఒక్కసారి కట్టే ధర పెడదామని వాడికి ఉంది. కానీ మనవాళ్ళెవరూ కొనరక్కా, ఊరికే పెట్టి లోపల దుకాణం పెట్టమంటున్నారు అని వాడి బాధ. వాడికి ధైర్యం చెప్పడానికి నా దగ్గర మాటలు తప్ప ఇంకేం లేవు. నీలాంటివాళ్ళు నాలుగు మంచి ఆటలు డబ్బిచ్చి కొంటేనే వాడు ఆ దుకాణం పెట్టకుండా ఉండగలడు.

అందుకని కొను. గూగుల్ ప్లేలో ఫ్యామిలీ లైబ్రరీ పెట్టుకుంటే, అందులో చేర్చే వీలున్న ఆటను ఒకసారి కొంటే ఇంట్లో ఇంకో ఐదుగురు ఆడుకోవచ్చు. మీ ఆడపడుచు పిల్లలకూ సరిపోతుంది. లోపల కొన్న వజ్రాలను మాత్రం అలా పంచుకోవడం కుదరదు. కొన్నాక 48 గంటల్లోపు డబ్బు వాపసు అడగొచ్చు. కాబట్టి శనివారం పొద్దున కొను, రెండు రోజులూ వాడి పక్కన కూర్చుని నువ్వూ ఆడు. నచ్చకపోతే ఆదివారం రాత్రి లోపు వాపసు అడుగు. నచ్చితే ఆట పేరు నాకు రాయి.

నీ
వదిన