పదిహేను థౌ సందు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మోత దాటి లోపలి వీధిలోకి వెళ్తే, రేకుల షెడ్డు కింద మూడు అంబాసిడర్లు కనిపించాయి. పాత పెట్రోలు బండ్ల ఇగ్నిషన్ పని ఎవరు బాగా చేస్తారని వాకబు చేస్తే అందరూ పంపింది ఇక్కడికే. మేస్త్రిగారికి అరవై దాటాయి. మాట తక్కువ, చెయ్యి నిదానం.

బానెట్ ఎత్తి ఉన్న తెల్లబండి గుంటూరు నుంచి వచ్చింది. యజమాని రిటైరైన హెడ్మాస్టరుగారు. ఐడ్లింగ్‌లో బండి చక్కగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే మిస్ కొడుతుంది. వేరేచోట చూపిస్తే డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చాలన్నారట. కొత్తది కొనుక్కుని డిక్కీలో పెట్టుకొచ్చారు.

"కొన్నారు కదా, ఉంచండి మాస్టారూ. ముందు పాతదానికి ఏమైందో చూద్దాం" అన్నారు మేస్త్రి.

ఆ గుప్పెడంత డబ్బాలో జరిగే పని తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ 12 వోల్టుల బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారుతుంది. విడిపోయిన క్షణాన అదే కాయిల్‌లో వేల వోల్టులు పుడతాయి. రోటర్ తిరుగుతూ దాన్ని 1-3-4-2 వరసలో ప్లగ్గులకు అందిస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు వందసార్లు తెరుచుకోవాలి. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ ఏర్పాటు 1910లో కాడిలాక్ కార్లకు ఎక్కింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో తయారైన మన పాత పెట్రోలు అంబాసిడర్లు నడిచిందీ ఈ సూత్రం మీదే.

మేస్త్రి క్లిప్పులు విప్పి క్యాప్ తీశారు. లోపల తడి తుడిచి, వెలుతురుకు పట్టి తిప్పి చూశారు. సన్నటి నల్లగీత ఉంటే కరెంటు ఆ గీత వెంటే పక్కదారి పడుతుందట. గీత లేదు. మధ్యలోని బొగ్గుముక్క స్ప్రింగు మీద ఆడుతోంది. రోటర్ బాగుంది. దాన్ని వేళ్లతో కాస్త మెలితిప్పి వదిలితే వెనక్కి వచ్చింది. అంటే కింద అడ్వాన్స్ గుండ్లూ స్ప్రింగులూ పట్టేయలేదు. తర్వాత వ్యాక్యూమ్ గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చారు. పాయింట్లున్న ప్లేటు కొద్దిగా జరిగింది. అక్కడే ఆయన చూపు ఆగింది.

ప్లేటును బాడీకి కలిపే చిన్న ఎర్తు వైరు అది. పైన గుడ్డ తొడుగు నిక్షేపంగా ఉంది. పట్టకారుతో వంచితే లోపల రాగి పోగులు తెగి, రెండో మూడో మిగిలాయి. ఐడ్లింగ్‌లో ప్లేటు కదలదు కాబట్టి అవి సరిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కితే వ్యాక్యూమ్ మారుతుంది, ప్లేటు జరుగుతుంది, వైరు సాగుతుంది, స్పార్క్ పోతుంది. హెడ్మాస్టరుగారు కళ్లద్దాలు సవరించుకుని ఆ పోగుల్ని చాలాసేపు చూశారు.

మెత్తటి అల్లిక వైరు సోల్డరింగ్ పెట్టడానికి డిస్ట్రిబ్యూటర్‌ను ఊడదీశారు. పనిలో పనిగా షాఫ్టును అటూ ఇటూ ఊపి చూశారు. ఆట లేదు. బుష్ అరిగితే షాఫ్టు ఊగుతుంది. అప్పుడు ఒక సిలిండరుకు సరిపెట్టిన సందు ఇంకో సిలిండరుకు ఉండదు, పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు. బుష్ మాత్రమే పోతే లేత్ మీద కొత్తది చేయించవచ్చు. షాఫ్టో, క్యామ్ మూపులో అరిగిపోతే మాత్రం మార్చాల్సిందే.

బిగింపు తేలికే. అడుగున ఉన్న పట్టు మధ్యకు కాకుండా ఓ పక్కకు జరిగి ఉంటుంది, తిరగేసి పెడితే కూర్చోదు. పాయింట్ల సందుకు మాత్రం ఆయన తొందరపడలేదు. ఫైబర్ మడమ సరిగ్గా క్యామ్ మూపు మీదికి వచ్చేలా ఇంజను తిప్పి, ఫీలర్ గేజ్‌లో పదిహేను థౌ రేకు దూర్చారు. అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, మిల్లీమీటర్లలో 0.38. రేకు బిగుసుకోకూడదు, జారిపోనూకూడదు. సరిపోయిందనిపించాక నా చేతికిచ్చి లాగమన్నారు. వెన్నలో నుంచి దారం లాగినట్టుంది. క్యామ్ మీద చిటికెడు గ్రీజు, రోటర్ కింద ఒక్క చుక్క ఆయిల్ వేశారు. ఎక్కువైతే పాయింట్ల మీద చిమ్ముతుందని షెడ్డులో పనిచేసే కుర్రాడికి చెప్పారు.

సందు మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి టైమింగ్ తర్వాతే. బండిని టాప్ గేరులో పెట్టి, కుర్రాడు మెల్లగా నెడుతుంటే పుల్లీ గుర్తు దగ్గర ఆపించారు. పాయింట్ల వైరుకూ ఎర్తుకూ మధ్య చిన్న బల్బు తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పారు. బల్బు వెలిగిన చోట బోల్టు బిగించారు.

బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాం. ఎక్కడా మిస్ లేదు. కొత్త డిస్ట్రిబ్యూటర్ డిక్కీలోనే ఉండిపోయింది.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకునేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ జానెడు కూడా లేని వైరు తెగినందుకు దశాబ్దాలు నడిచిన యంత్రాన్ని తుక్కులో వేయడం అన్యాయం. ఇంట్లో పాత పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్లు అయిదు వేల కిలోమీటర్లకోసారి పాయింట్ల సందు చూపించండి. కొత్త పాయింట్లు వేస్తే ఫైబర్ మడమ అరిగి సర్దుకుంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూపించండి. పాయింట్లు, కండెన్సర్, రోటర్ ఒక్కో జత డిక్కీలో ఉంచుకోండి. డిస్ట్రిబ్యూటర్ మార్చాలని ఎవరన్నా, క్యాప్ విప్పి కారణం చూపించేదాకా ఒప్పుకోకండి.