గాజు వెనకున్న చెయ్యి

చార్మినార్ నుంచి లాడ్ బజార్‌లోకి నాలుగడుగులు వేస్తే చాలు... కళ్లు జిగేల్‌మంటాయి. లక్క గాజుల మీద రాళ్ల తళుకులు, బేరాలు, నవ్వులు! 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొనేవాళ్లు గాజును చూస్తారు. దాన్ని చేసే చేతిని చూసేవాళ్లు తక్కువ.

బొగ్గుల వేడి మీద లక్కను మెత్తబరచాలి. గట్టిపడేలోగా సాగదీసి, గుండ్రంగా చుట్టాలి. ఆపై ఒక్కో రాయినీ వేలికొసలతో అద్దాలి. నేలమీద కూర్చుని, మెడ వంచి, గంటల తరబడి... సాయంత్రానికి నడుము పట్టేస్తే ‘పనన్నాక తప్పదు’ అని సరిపెట్టుకుంటారు.

‘ఎందుకు తప్పదు?’ అని అడిగే శాస్త్రమే ఎర్గోనామిక్స్. పనికోసం మనిషి వంగడం కాదు, మనిషికి తగ్గట్టు పనే మారాలన్నది దాని సూత్రం. పోలండ్ శాస్త్రవేత్త యస్త్‌షెంబోవ్‌స్కీ 1857లోనే ఈ పేరు వాడారు. అంతకుముందే, 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ, రోగిని ‘నువ్వేం పని చేస్తావు?’ అని కూడా అడగాలని తోటి వైద్యులకు చెప్పారు.

ఈ చదువును వృత్తిగా ఎంచుకున్నవాళ్లకు ప్రయోగశాల అంటే నాలుగ్గోడలే కాదు. కార్మికుల పక్కన కూర్చోవాలి. మెడ ఎంత వంగింది, చెయ్యి ఎన్నిసార్లు కదిలింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది... అన్నీ లెక్కపెట్టాలి. మనిషి బొమ్మ ఉన్న కాగితం చేతికిచ్చి, నొప్పి ఎక్కడో గుర్తు పెట్టమంటారు. హైదరాబాద్‌లో సైఫాబాద్ హోమ్‌సైన్స్ కళాశాల పరిశోధకులు పొలాల్లో ఆడవాళ్లు పడే శ్రమ మీద ఇలాగే పనిచేశారు.

అయితే, ఈ పాఠాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పింది చిన్నప్పుడే బడి మానేసిన చింతకింది మల్లేశం. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదపాలి. రెండు చీరలైతే 18,000 సార్లు! అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ప్రయత్నం మొదలుపెట్టి, 1999కల్లా ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వరించింది.

గాజుల పనికీ అలాంటి ఆలోచనే కావాలి. కాస్త ఎత్తయిన పీట, మోచేతికి ఆసరా, మంచి వెలుతురు, పొగ పోయే దారి... చిన్న మార్పులే. కానీ జతల లెక్కన కూలి వచ్చేచోట చేతివేగం తగ్గించే ఏ మార్పూ నిలవదు. అందుకే ‘ఎక్కడ నొప్పి?’ అన్న ప్రశ్నతోపాటు ‘రోజుకెంత గిడుతుంది?’ అనీ అడగాలి. రెండోది అడగని పరిశోధన కాగితం మీదే మిగిలిపోతుంది.

మల్లేశం అమ్మ దగ్గర మొదలుపెట్టారు. లాడ్ బజార్ తళుకుల వెనకా ఎవరో ఒక అమ్మ చెయ్యి ఉంటుంది!