గండికోట ఆగుతుంది... కూత ఆగదు!

మాది జమ్మలమడుగు దగ్గర ఓ పల్లె. గండికోటకి బైక్ మీద అరగంట. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు తీసుకెళ్తే లోయ కంటే పులిహోర పొట్లం మీదే ధ్యాస. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక రూమ్మేట్ ఇన్‌స్టాలో ఆ లోయ ఫొటో చూపించి, 'ఇది మీ ఊరి పక్కనేనంట కదరా, ఎప్పుడైనా వెళ్లావా?' అన్నాడు. సిగ్గేసింది. ఆ ఏడాది బోనస్‌తో కెమెరా కొన్నా. క్రాప్ సెన్సర్ బాడీ, దాంతో వచ్చే 18-55 కిట్ లెన్స్.

అక్కడితో ఆగుంటే బాగుండేది. నాలుగు రివ్యూ వీడియోలు చూసి, ల్యాండ్‌స్కేప్ అంటే వైడ్ లెన్సే అని ఫిక్సయిపోయి 10-18 లెన్స్ ఈఎంఐలో తీసుకున్నా.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లి, చీకటితోనే మా తమ్ముణ్ని వెనకాల ఎక్కించుకుని బయల్దేరా. తమ్ముడంటే చిన్నాయన కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు. కోట తలుపులు దాటి, మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు మినార్లు మసకమసకగా కనిపిస్తుండగా, రాళ్లమీద పాక్కుంటూ లోయ అంచుకి చేరాం. కింద పెన్నా. రెండువైపులా ఇటుకలు పేర్చినట్టు ఎర్రటి రాయి. గాలి ఎంత గట్టిగా ఉందంటే ట్రైపాడ్‌కి బ్యాగు వేలాడదీయాల్సి వచ్చింది.

సూర్యుడొచ్చాడు. 10 ఎంఎంలో నొక్కా. స్క్రీన్ మీద చూస్తే లోయ కాస్తా మా పొలం కాలువలా ఉంది! వైడ్ లెన్స్‌లో దూరంగా ఉన్నదంతా చిన్నదైపోతుంది. దగ్గర్లో ఓ బండరాయో చెట్టో పెట్టుకోకపోతే ఫొటోలో మిగిలేది ఆకాశమే. చివరికి పాత కిట్ లెన్స్ తగిలించి, 55 దగ్గర పెట్టి నది వంపు ఒక్కటే తీశా. ఎఫ్ 8, ఐఎస్‌వో 100, రెండు సెకన్ల టైమర్. ఆకాశానికి ఒకటి, చీకట్లో ఉన్న లోయకి ఒకటి తీసి తర్వాత ల్యాప్‌టాప్‌లో కలిపా. ఇంట్లో గోడమీద ఉన్నది అదే. మీ ఫోన్ హెచ్‌డీఆర్ ఈ కలిపే పనిని దానంతటదే చేస్తుంది. గండికోట కోసమే అయితే కెమెరా కొనకండి, నిజంగా చెప్తున్నా.

తమ్ముడు మాత్రం ఆ రాళ్లమీద కూర్చుని ఆవలిస్తూ, "అన్నా, ఇవి యాడికీ పోవు గానీ, సాయంత్రం నా కూత ఒక్కటి తియ్యి, చాలు" అన్నాడు. సంక్రాంతి కబడ్డీ పోటీలు. మా ఊరి టీమ్‌లో మెయిన్ రైడర్ వాడే.

రాత్రి ఎనిమిదింటికి మ్యాచ్. వెదురు బొంగులకి కట్టిన ఫ్లడ్‌లైట్లు. మన కంటికి పట్టపగల్లా ఉంది, కెమెరాకి మాత్రం అమావాస్య. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఐఎస్‌వో 6400కి పెంచినా షట్టర్ 1/80 దాటలేదు. కూతకి వెళ్లినవాడు పాము మెలికలు తిరుగుతుంటే 1/80 ఏం సరిపోతుంది? దాదాపు 300 ఫొటోలు. అన్నిట్లో మా తమ్ముడు పసుపు రంగు పొగలా ఉన్నాడు.

"ఒక్కటి గూడా పడలేదా అన్నా?" అన్నాడు. ఉన్నవాటిలో జెర్సీ మీద 7 అంకె కనబడేది ఒకటి వెతుక్కుని డీపీ పెట్టుకున్నాడు. వచ్చే ఏడాది చూసుకుందాంలేరా అన్నా.

హైదరాబాద్ వచ్చి వైడ్ లెన్స్ నష్టానికి అమ్మేసి, 85 ఎంఎం ఎఫ్ 1.8 సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఈసారి కొనేముందు రెండ్రోజులు అద్దెకి తీసుకుని మా ఆఫీస్ బ్యాడ్మింటన్ కోర్టులో పరీక్షించా (బుద్ధొచ్చింది మరి). 5.6 నుంచి 1.8కి వస్తే సుమారు 10 రెట్ల వెలుతురు. అంటే 1/80 కాస్తా 1/800 అవుతుంది. జూమ్ ఉండదు, నడవాలి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవే కాబట్టి ఫర్వాలేదు.

అంతా సిద్ధం చేసుకున్నాక, నవంబర్‌లో ఇంటి నుంచి ఫోన్. పక్క మండలంలో మ్యాచ్ ఆడుతుంటే వాడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్.

ఆ సంక్రాంతికి వాడు ప్లాస్టిక్ కుర్చీలో, కాలికి బెల్టుతో, బయటి గీత పక్కన. నేను వాడి పక్కన కింద కూర్చున్నా. మొదటి పావుగంట ఒక్కటీ కుదరలేదు. లెన్స్ తప్పేం లేదు, బంతి లేని ఆటలో ఎవర్ని చూడాలో నాకు తెలీదు. కొన్ని ఫొటోల్లో నల్లటి చారలు కూడా. ఆ ఎల్ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, షట్టర్ స్పీడు పెంచితే అది దొరికిపోతుంది. యాంటీ ఫ్లికర్ ఆన్ చేశా.

నా అవస్థ చూసి వాడే మొదలుపెట్టాడు. "వాళ్లకి రెండు కూతలు ఖాళీ పోయినాయి. ఇది డూ ఆర్ డై, లోపలికి రాకతప్పదు. రైడర్ని సూడొద్దు, ఎడమ కార్నర్ పిల్లోడు కాలికి దూకుతాడు, ఆడ పెట్టు" అన్నాడు. పెట్టా. దూకాడు. చీలమండ మీద రెండు చేతులు, మొహంలో సగం మట్టి, వెనకాల మిగతా ఆరుగురూ గాల్లో. సూది మొనంత షార్ప్‌గా పడింది.

స్క్రీన్ చూపించా. వాడు రెండు వేళ్లతో జూమ్ చేసి, చాలాసేపు చూసి, "నేనైతే తప్పించుకునేటోణ్ని" అన్నాడు. ఆ రాత్రి ఊరి టీమ్‌లో అందరివీ పడ్డాయి. వాడిది తప్ప.

డీపీ ఇంకా ఆ పసుపు పొగే. మార్చమంటే మార్చడు. ఫిజియోథెరపీ అయిపోయింది, పొద్దున్నే చెరువు కట్ట మీద పరుగెత్తుతున్నాడట. వచ్చే సంక్రాంతికి ఆడతానంటున్నాడు, పెద్దమ్మ ఒప్పుకోవట్లేదు. నేను ఏ పక్షమో తేల్చుకోలేకపోతున్నా. లీవ్ మాత్రం పెట్టేశా.