పటంలో మా పేట

గుండుగొలను అనగానే చాలామందికి హైవే చీలే చోటు గుర్తొస్తుంది. ఒక దారి దేవరపల్లి వైపు, ఇంకొకటి తాడేపల్లిగూడెం వైపు. దక్షిణాన కొల్లేరు. ఊరి చివర మా ఎరుకల పేట. తట్టలు, బుట్టలు అల్లిన ఇళ్లు మావి. నేను పైథాన్ నేర్చుకున్నాక దాన్ని ముందు మా ఊరి మీదే వాడి చూద్దామనిపించింది.

ఎవరైనా ఉచితంగా తీసుకోగల పటాల సమాచారం రెండు చోట్ల నుంచి తెచ్చాను. ఒకటి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైంది, వాలంటీర్లు గీసేది. రెండోది ఓవర్చర్. 2022లో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి పెట్టినది. అందులో ప్రతి స్థలం పక్కన, అది నిజంగా ఉందన్న నమ్మకం ఎంతో చెప్పే అంకె ఒకటి సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుంది.

రెండు జాబితాలనూ జియోపాండాస్‌తో తెరిచాను. వాటిలో స్థలాల గుర్తులు డిగ్రీల్లో ఉంటాయి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. గుడికీ బడికీ మధ్య దూరం కొలవాలంటే ముందు వాటిని మీటర్లలోకి మార్చాలి. మన ప్రాంతానికి యూటీఎం 44వ జోన్ సరిపోతుంది. తర్వాత ఇందులోని ప్రతి స్థలానికీ వంద మీటర్లలోపు అందులో ఏముందో వెతికి, పేర్లు పోల్చాలి. ఒకచోట తెలుగు, ఒకచోట ఇంగ్లీషు. ఒకరు ‘శ్రీ’ పెడతారు, ఒకరు వదిలేస్తారు. అందుకని పేర్లు అచ్చంగా ఒకటేనా అని కాకుండా, ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి.

రెండింటిలో కలిసినంత మాత్రాన నిజమని కాదు. ఇద్దరూ ఒకే పాత జాబితా నుంచి తీసుకుని ఉంటే అది ఒక్క సాక్ష్యమే. కలవనిదంతా తప్పూ కాదు. కొత్తగా పెట్టిన టీకొట్టు ఒకరికే తెలిసి ఉండొచ్చు.

మా పేట మాత్రం రెండింటిలోనూ లేదు. అందుకే తేడాల జాబితాలోనూ రాలేదు. ప్రోగ్రాం ఏ లోపమూ చూపకుండా ముగిసింది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, హైవే దాకా మనిషిని పంపి దారి చూపించుకునేది మేమే.

పటం మీది గీతకు ఎంత బలముందో కొల్లేరు జనానికి తెలుసు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు.

అందుకని ఫోన్ పట్టుకుని పేటంతా తిరిగి మూడో జాబితా రాశాను. మా అమ్మమ్మ వెంట నడిచింది. “ఎస్టీ కాలనీ అని రాయకురా, అది ఆఫీసోళ్ల పేరు. మర్రికాడి పేట అని రాయి” అంది. అదే పేరు తెలుగులో ఎక్కించాను. చేతిపంపు, బాట, అంగన్‌వాడీ కూడా చేర్చాను. దేవత చోటు దగ్గర మాత్రం, “అది అందరికీ చూపించేది కాదు” అంది. వదిలేశాను. బహిరంగ పటంలోకి ఒకసారి వెళ్లినదాన్ని ఎంతమంది కాపీ చేసుకున్నారో మనకు తెలియదు.

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కోయ గూడేల్లోనూ కంప్యూటర్ తెలిసిన పిల్లలున్నారు. వాళ్లు ఈ పని చెయ్యాలి. ప్రోగ్రాం ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు. ఏది ఎక్కించాలో, ఏది వద్దో మాత్రం గూడెం పెద్దల్ని అడిగే తేల్చాలి.